పన్నెండు బుట్టలు, ఎనిమిది చోట్లు

మంగళవారం ఉదయం ఆరూ నలభైకి తాబేళ్ళాయన చేపతలకాయల బకెట్టు పట్టుకుని తన భార్య కండక్టరుగా ఉన్న బస్సెక్కుతాడు. ఆమె అతనికో టికెట్టు కొడుతుంది. బకెట్టుకి ఇంకోటి కొడుతుంది.

"కట్టుకున్నవాడికి కూడా టికెట్టేనా?" అని మొదట్లో ఒకసారి అడిగి చూశాడు.

"కట్టుకున్నది ఇంట్లో. ఇక్కడ మీరు ప్యాసింజరు. బకెట్టు వెనక మెట్ల దగ్గర పెట్టండి. మూత జరిగిందంటే ఇద్దర్నీ కలిపి దించేస్తాను."

ఇద్దరంటే తననూ బకెట్టునూ అని అతనికి అర్థమవడానికి ఒక స్టాపు దూరం పట్టింది.

అతని ఉద్యోగం పేరు క్షేత్ర సహాయకుడు. ఆ పేరు జీతం కాగితం మీద తప్ప ఎక్కడా వినబడదు. పంపుహౌసు వాచ్‌మన్ దగ్గర్నుంచి చేపలమ్మే ఆవిడ దాకా అందరికీ అతను తాబేళ్ళాయనే. యాభై ఆరేళ్ళ మనిషి. బట్టతల, ముందుకు సాగిన మెడ, తొందరంటే ఎరగని నడక. పంతొమ్మిదేళ్ళు తాబేళ్ళ వెంట తిరిగి వాటి పోలికే వచ్చేసిందని భార్య అంటుంది. వాళ్ళ పెళ్ళి ఫొటో చూసినవాళ్ళు మాత్రం పోలిక మొదట్నుంచీ ఉందనీ, తాబేళ్ళే ఆలస్యంగా దొరికాయనీ అంటారు.

బస్సు ఆఖరి స్టాపు మంచినీళ్ళ చెరువు. ఊరంతటికీ కుళాయి నీళ్ళు అక్కణ్ణుంచే వస్తాయి. తూర్పు గట్టు మీద పంపుహౌసు, చెట్ల నీడ, సిమెంటు మెట్లు, కూర్చోవడానికి అరుగు ఉన్నాయి. పడమటి గట్టు మీద జమ్ము తప్ప ఏమీ లేదు. మనిషెత్తు జమ్ము, దాని కింద నడుంలోతు బురద. ఆ నీళ్ళలో ఎన్ని తాబేళ్ళున్నాయి, ఏడాదికెన్ని పోతున్నాయి, ఎన్ని పుడుతున్నాయి అని విశ్వవిద్యాలయం వాళ్ళు కనిపెడుతున్నారు. వాళ్ళ తరఫున నీళ్ళలో దిగేది తాబేళ్ళాయన ఒక్కడే.

పని నేర్పింది పాత ప్రొఫెసరు. ఆయన మొదటిరోజున ఒక డబ్బాడు చొక్కా గుండీలు తెచ్చి బల్ల మీద పెట్టాడు.

"ఇందులో ఎన్ని గుండీలున్నాయో లెక్కపెట్టకుండా చెప్పగలవా?"

"లెక్కపెట్టకుండా ఎలా చెప్తారండీ?"

ప్రొఫెసరు నలభై గుండీలు తీసి ఒక్కోదాని మీద సిరాచుక్క పెట్టి మళ్ళీ డబ్బాలో వేశాడు. మూతపెట్టి గట్టిగా కుదిపాడు. మళ్ళీ నలభై తీశాడు. వాటిలో చుక్క ఉన్నవి పది. అంటే డబ్బాలో నాలుగో వంతు గుండీలకి చుక్క ఉంది. చుక్క పెట్టినవి నలభై కాబట్టి మొత్తం నూట అరవై. తాబేళ్ళాయన నమ్మలేదు. ఆ మధ్యాహ్నమంతా కూర్చుని అన్నిటినీ ఒకటొకటిగా లెక్కపెట్టాడు. నూట యాభై ఏడు వచ్చాయి. అప్పటినుంచి నమ్మాడు.

"ఒక్కటే షరతు," అన్నాడు ప్రొఫెసరు. "డబ్బా బాగా కుదపాలి. లేకపోతే పైనున్న చుక్కల గుండీలే మళ్ళీ చేతికొస్తాయి, లెక్క తక్కువ చూపిస్తుంది. చెరువుని పట్టుకుని కుదపలేం కదా. అందుకని బుట్టల్ని కుదుపుతాం."

బుట్టలంటే వలబుట్టలు. లోపల చేపతలకాయ కడతారు. వాసనకి తాబేలు లోపలికి వస్తుంది, బయటికి దారి దొరకదు. పైన ఖాళీ ప్లాస్టిక్ డబ్బా కట్టి బుట్ట పైభాగం నీళ్ళమీద తేలేలా చూడాలి, లేకపోతే ఊపిరందక చస్తుంది. ప్రొఫెసరు చెరువు పటం మీద గళ్ళు గీసి, చీటీలు వేసి పన్నెండు చోట్లు తీశాడు. ఎనిమిది తూర్పువైపు పడ్డాయి. తొమ్మిది నుంచి పన్నెండు దాకా పడమటి జమ్ములో పడ్డాయి. "నీడ చూసి పెట్టకు, చీటీ చూసి పెట్టు" అన్నది ఆయన చెప్పిన ఆఖరి మాట కాదుగానీ, ఎక్కువసార్లు చెప్పిన మాట.

దొరికిన ప్రతి తాబేలుకీ డిప్ప అంచున ఆకురాయితో చిన్న గంట్లు పెట్టాలి. కుడివైపు పెంకుల మీది గంట్లు ఒకట్లు, ఎడమవైపువి పదులు, తోక దగ్గరివి వందలు. చూడక్కర్లేదు, బొటనవేలితో తడిమి నంబరు చెప్పగలడు. నంబర్లే కాక అతను పెట్టిన పేర్లున్నాయి. నలభై రెండో నంబరు పేరు అల్లుడు. ప్రతివారం ఠంచనుగా వచ్చి, బుట్టలో దూరి, తలకాయ తిని, బయటికి తీసేదాకా దర్జాగా కూర్చుంటాడు. తీయడం ఆలస్యమైతే అలిగినట్టు తల లోపలికి లాక్కుంటాడు. పదిహేడో నంబరు పేరు పెద్దాయన. పడమటి జమ్ములో ఉండేవాడు, ఏడాదికి రెండుసార్లు మించి దొరికేవాడు కాడు.

తాబేలు చచ్చిపోతే ఎవరూ వచ్చి చెప్పరు కాబట్టి దానికో పద్ధతుంది. మూడేళ్ళు వరసగా కనబడకపోతే తాబేళ్ళాయన నోటుపుస్తకంలో ఆ నంబరు మీద ఎర్రసిరాతో గీత కొడతాడు. ఈ సంగతి తెలిసినప్పటినుంచీ ఇంట్లో అతనికి మనశ్శాంతి లేదు. శుభ్రంగా కూరగాయలు తెమ్మంటే రెండు గంటలు పత్తాలేకుండా పోతాడు. గుమ్మంలోకి రాగానే కండక్టరమ్మ, "వచ్చారా. ఎర్రసిరా వెతుకుతున్నాను," అంటుంది.

ఆరేళ్ళ కిందట జమ్ములో కాలు జారి అతని ఎడమ మోకాలు మెలిపడింది. డాక్టరు పట్టీ వేసి, మెట్లు తగ్గించుకోమన్నాడు. బురద గురించి డాక్టరు ఏమీ అనలేదు, తాబేళ్ళాయన కూడా అడగలేదు. మొదటి ఏడాది రెండు వారాలకోసారి పడమటికి వెళ్ళాడు. తర్వాత నెలకోసారి. ఆపైన అసలు మానేశాడు. కానీ బుట్టలు పన్నెండు. నాలుగు బుట్టలు గదిలో ఊరికే పడి ఉంటే మనసొప్పక, వాటిని కూడా తూర్పుగట్టునే నీడ చూసి ఖాళీల్లో సర్దాడు. పుస్తకంలో మాత్రం అలవాటు కొద్దీ ఎప్పటిలాగే తొమ్మిది, పది, పదకొండు, పన్నెండు అని రాసుకుంటూ పోయాడు. అబద్ధం రాస్తున్నానని అతనికి ఏనాడూ అనిపించలేదు. వచ్చేవారం వెళ్దాంలే అనుకుంటూ రాశాడు. అలా ఆరేళ్ళ వచ్చేవారాలు గడిచాయి.

ఈలోగా ప్రొఫెసరు రిటైరయ్యాడు. ఆయన స్థానంలో మేడమ్ వచ్చింది. ముప్ఫై అయిదేళ్ళ అమ్మాయి, అతన్ని బాబాయ్ అంటుంది, ప్రతి అంకెనీ రెండుసార్లు అడుగుతుంది. తాబేళ్ళాయన పుస్తకాలన్నీ కంప్యూటర్లోకి ఎక్కించి చూస్తే ఆమె గుండె గతుక్కుమంది. ఒకప్పుడు నూట తొంభై ఉన్న తాబేళ్ళు ఏటేటా తరిగిపోతున్నాయి. పాత నంబర్లు ఒకటొకటిగా ఎర్రగీత కిందికి పోతున్నాయి. అన్నిటికన్నా విచిత్రం, నాలుగేళ్ళుగా బుట్టల్లో ఒక్క పిల్ల పడలేదు. అన్నీ ముసలివే. ఆమె దీనిమీద పెద్ద వ్యాసం రాసి అచ్చువేయించింది. చివర బాబాయ్‌కి కృతజ్ఞతలు కూడా చెప్పింది. తాబేళ్ళాయన ఆ పేజీకి అద్దం కట్టించి ముందుగదిలో తగిలించాడు.

అసలు చిక్కు చెరువు పూడిక దగ్గర వచ్చింది. నీటి సరఫరా ఇంజనీరు చెరువంతా ఖాళీచేసి బురద తీయిస్తానన్నాడు. తాబేళ్ళు వందకి లోపయితే అన్నిటినీ పట్టి పక్క చెరువులోకి మార్చి, మొత్తం ఒకేసారి ఎండగట్టొచ్చు, పడమటి గట్టుని పొక్లెయిన్ పెట్టి తవ్వొచ్చు. వంద దాటితే సగం సగంగా ఖాళీ చేయాలి, గట్టు జోలికి పోకూడదు. అది నిబంధన. ఈ ఏటి లెక్క చూశారు. మొదటి విడతలో నలభై రెండు దొరికాయి. రెండో విడతలో నలభై, అందులో ఇరవై ఎనిమిది మొదటిసారి చూసినవే. గుండీల సూత్రం ప్రకారం చెరువు మొత్తానికీ అరవై.

"అరవయ్యేనా? రెండు వ్యానుల పని," అని ఇంజనీరు సంబరపడ్డాడు. "వచ్చే సోమవారం కాక పై సోమవారం మిషను దిగుతుంది. మేడమ్‌గారు ఒక సంతకం పెడితే చాలు."

మేడమ్ సంతకం ఇంకా పెట్టలేదు. కానీ పెట్టకపోవడానికి కారణమూ లేదు.

ఆ మంగళవారం బస్సు ఆఖరి స్టాపులో ఆగింది. ప్యాసింజర్లందరూ దిగిపోయారు. మళ్ళీ బయల్దేరడానికి పన్నెండు నిమిషాలుంది. కండక్టరమ్మ ఫ్లాస్కు మూతలో టీ పోసి మొగుడికిచ్చింది. అతను తాగకుండా చేతిలో పట్టుకుని కూర్చున్నాడు.

"ఏమైంది? పోయిన వారం అల్లుడు రాలేదా?"

"వచ్చాడు. వాడు రాకుండా ఉంటాడా. అదే ఆలోచిస్తున్నా. వచ్చినవే వస్తున్నాయే. చెరువులో అరవయ్యే ఉన్నాయంట."

"ఎవరన్నారు?"

"నా పుస్తకమే అంది."

ఆమె టికెట్ల మిషను సంచిలో పెట్టి తీరిగ్గా అతనివైపు తిరిగింది.

"మీ చెరువు సంగతి నాకు తెలియదు గానీ నా బస్సు సంగతి చెప్తా వినండి. ఈ ఆరూ నలభై బస్సులో రోజూ ఎక్కేది అవే ముప్ఫై మొహాలు. వీళ్ళని చూసి ఊరు మొత్తానికి జనం ముప్ఫై మందే, అందులో ఒక్క పసిపిల్లా లేదు, ఊరు అంతరించిపోతోందని నేను ఏడుస్తూ కూర్చుంటే ఎలా ఉంటుంది? బడిపిల్లలు ఎనిమిదింటి బస్సుకొస్తారు. అదీ ఈ రూటులో కాదు."

తాబేళ్ళాయన నీళ్ళు నమిలాడు. "పన్నెండు చోట్లా పెడుతున్నాగా."

"ఎవరికి చెప్తున్నారు? మంగళవారం ప్యాంటు ఉతికేది ఎవరనుకున్నారు?"

అతను తన ప్యాంటు అంచులు చూసుకున్నాడు.

"మోకాలు పట్టేయకముందు నడుం దాకా బురద. రెండు నీళ్ళు పోసినా పోయేది కాదు. ఆ తర్వాత నెలకోసారి అయింది. ఇప్పుడు నాలుగేళ్ళ పైనయింది, అంచులు తప్ప తడవట్లేదు. ఆ పడమటివైపు మానేశారేమో, ఆఫీసువాళ్ళు వద్దన్నారేమో అనుకున్నా. పుస్తకంలో ఏం రాస్తున్నారు?"

"పన్నెండూ రాస్తున్నా."

కండక్టరమ్మ ముక్కు మీద వేలేసుకుంది. "మరి ఆ పటం కట్టించిన పేపరు?"

"దాంట్లోవి కూడా అవే అంకెలు."

బస్సు తలుపు దగ్గర డ్రైవరు దగ్గాడు. పన్నెండు నిమిషాలు అయిపోయాయి. ఆమె విజిలు నోట్లో పెట్టుకుని మళ్ళీ తీసింది.

"పిల్ల తాబేళ్ళు ఎక్కడుంటాయండీ మామూలుగా?"

"లోతులేని చోట. గడ్డి మాటున." అని అతను గట్టు అవతలికి చూశాడు. "జమ్ములో."

"ఇంజనీరు మిషను పెట్టేది ఎక్కడ?"

తాబేళ్ళాయన టీ ఫ్లాస్కు మూతని అలాగే సీటు మీద పెట్టేసి దిగిపోయాడు. బకెట్టు బస్సులోనే మర్చిపోయాడు. అది తిరుగు ట్రిప్పులో ఊరంతా తిరిగింది, దానిమీద నాలుగు ఫిర్యాదులు వచ్చాయి.

పంపుహౌసు వెనక ఉన్న మేడమ్ గది తలుపు ముందు అతను ఎంతసేపు నిలబడ్డాడో తెలియదు. ఈ మాట చెప్తే పంతొమ్మిదేళ్ళ పనికి మచ్చ పడుతుంది. ఉద్యోగం కూడా పోవచ్చు. చెప్పకపోతే పై సోమవారం మిషను దిగుతుంది. జమ్ములో ఏమున్నా బురదతో పాటు లారీకెక్కుతుంది, ఉన్నట్టు కూడా ఎవరికీ తెలియదు. కక్కలేక మింగలేక నిలబడ్డ మనిషిని చూసి మేడమే పిలిచింది.

"రండి బాబాయ్. మోకాలు ఎలా ఉంది?"

మర్యాదకి అడిగిన ప్రశ్న. అతను దానికి పావుగంట సమాధానం చెప్పాడు.

అంతా విన్నాక మేడమ్ కంప్యూటర్లో అతని పాత పేజీలు తెరిచింది. అరవలేదు. అరిస్తే బాగుండుననిపించింది అతనికి.

"పెద్దాయన మీద గీత ఎప్పుడు కొట్టారు?"

"మూడేళ్ళయిందమ్మా."

"చచ్చిపోయిందని మీకెలా తెలుసు?"

"మూడేళ్ళు కనబడలేదు కదా."

"మీరు వాళ్ళింటికి వెళ్ళారా, కనబడకపోవడానికి?"

అతను మోకాలి పట్టీ సర్దుకున్నాడు.

"చచ్చిపోవడం వేరు, మనకి కనబడకపోవడం వేరు బాబాయ్. నా ఉద్యోగం మొత్తం ఆ రెండిటికీ తేడా కట్టడమే. అది మీ మోకాలి దగ్గర ఆగిపోయింది." ఆమె కళ్ళద్దాలు తీసి తుడుచుకుంది. "పుట్టడం లేదని రాశాను. అచ్చులో రాశాను. నలుగురూ మెచ్చుకున్నారు. ఇప్పుడు ఆ పత్రికకి ఏం రాయాలి? మా బాబాయ్‌కి బురదంటే పడదని రాయనా?"

"తప్పు నాదమ్మా. నా పేరు రాయండి."

"మీ పేరు ఉంది లెండి ఆల్రెడీ. కృతజ్ఞతల్లో."

తర్వాత ఆమె ఇంజనీరుకి ఫోన్ చేసింది. లెక్కలో అనుమానముంది, మళ్ళీ చూడాలి అంది. ఇంజనీరు పెదవి విరిచాడన్నది ఫోన్లోనే వినబడింది. మిషను అద్దెకి మాట్లాడేశాననీ, పై సోమవారం ఉదయం పదింటికి కాగితం మీద అంకె కావాలనీ, అరవై అయినా ఆరువందలయినా తనకి ఒకటేననీ అన్నాడు. అప్పటికి పదమూడు రోజులుంది. మూడేసి రోజుల చొప్పున రెండు విడతలు, మధ్యలో తాబేళ్ళు కలిసిపోవడానికి అయిదు రోజులు. గుండీల డబ్బా కుదపడమంటే అదే.

పడమటి గట్టు మీదికి తాబేళ్ళాయనతోపాటు మేడమ్ వచ్చింది. సెలవు పెట్టి కండక్టరమ్మ కూడా వచ్చింది. ఎవరూ పిలవలేదు. చేతిలో చెక్కపలక ఉంది, భుజాన స్ప్రింగు త్రాసు ఉంది.

"నువ్వెందుకే?"

"మీరు జారితే లాగడానికి. మేడమ్‌గారు బక్కపలచగా ఉన్నారు, మీ బరువు ఆగలేరు."

జమ్ములో పలక వేసుకుని, దానిమీద నడిచి, మళ్ళీ దాన్నే ముందుకి జరుపుకుంటూ వెళ్ళారు. చీటీలో పడ్డ చోటుకి చేరడానికి ఒక్కో బుట్టకి ఇరవై నిమిషాలు పట్టింది. కండక్టరమ్మ వెనకనుంచి, "ముందుకి జరగండి, ముందుకి జరగండి, లోపల ఖాళీ ఉంది," అంటూనే ఉంది. తాబేళ్ళాయన నడుం దాకా దిగబడ్డాడు. మోకాలు నొప్పెట్టింది గానీ చెప్పడానికి మొహం చెల్లలేదు.

మర్నాడు పొద్దున తొమ్మిదో బుట్ట పైకి లేపితే బరువుగా వచ్చింది. లోపల ఏడు. వాటిలో నాలుగు అరచేతిలో ఇమిడేవి. డిప్ప ఇంకా మెత్తగా ఉంది, అంచున ఒక్క గంటూ లేదు. పుట్టి రెండేళ్ళు కూడా కానివి. మేడమ్ ఒకదాన్ని చేతిలోకి తీసుకుంది. అది తల బయటపెట్టి ఆమెని చూసి, నచ్చనట్టు మళ్ళీ లోపలికి లాక్కుంది.

"పుట్టడం లేదని రాసింది నీ గురించే," అని దానికి చెప్పింది మేడమ్.

రెండో విడత ఆదివారంతో ముగిసింది. ఆ ఆఖరి పొద్దున పదకొండో బుట్టలో ఒకే ఒక్క తాబేలు ఉంది. ముదురు డిప్ప, ఒక పక్క నాచు. తాబేళ్ళాయన బొటనవేలు డిప్ప అంచున కుడివైపు తడిమింది. ఏడు. ఎడమవైపు తడిమింది. ఒకటి. తోక దగ్గర ఏమీ లేదు. మళ్ళీ మొదట్నుంచి తడిమాడు.

"ఎవరు?" అంది కండక్టరమ్మ.

"పెద్దాయన."

"ఎర్రగీత కొట్టినాయనా?"

"ఆఁ."

ఆమె త్రాసు కొక్కేనికి సంచి తగిలించింది. "చచ్చిపోయి కూడా బాగానే ఒళ్ళు చేశారు. నాలుగు కిలోల రెండు వందలు. రాసుకోండి మేడమ్‌గారూ."

సోమవారం పదింటికి మేడమ్ కాగితం ఇంజనీరు బల్ల మీద పెట్టింది. మొదటి విడత అరవై ఆరు. రెండో విడత డెబ్భై రెండు. అందులో రెండుసార్లూ దొరికినవి ఇరవై నాలుగు. చెరువు మొత్తానికి నూట తొంభై ఎనిమిది. రెండో విడతలోని డెబ్భై రెండింటిలో ముప్ఫై ఒకటి పిల్లలు.

ఇంజనీరు కాగితాన్ని రెండుసార్లు చదివి, "రెండు వారాల్లో నూట ముప్ఫై ఎనిమిది పుట్టాయా మేడమ్?" అన్నాడు.

"పుట్టలేదు సార్. మేము వెళ్ళి పలకరించాం."

చెరువు సగం సగంగా ఖాళీ అయ్యేలా, పడమటి గట్టు ముట్టుకోకుండా పని మార్చి రాశాడు. మిషను తూర్పుగట్టున దిగింది. పంపుహౌసు ముందున్న అరుగు దాని దారికి అడ్డమని మొదటిరోజే తీసేశారు.

మేడమ్ పత్రికకి ఉత్తరం రాసింది. తాబేళ్ళాయనని ఉద్యోగంలోంచి తీసేయలేదు. ఒక పని మాత్రం అప్పజెప్పింది. ఆరేళ్ళ పుస్తకాల్లో ప్రతి మంగళవారం పేజీ తెరిచి, తొమ్మిది నుంచి పన్నెండు దాకా ఉన్న గడుల పక్కన, అక్కడ పెట్టలేదని తన చేత్తోనే రాసి సంతకం చేయాలి. నిజంగా వెళ్ళిన వారమైతే వెళ్ళానని రాయాలి. గుర్తులేకపోతే గుర్తులేదని రాయాలి. ఊహించి రాయకూడదు.

ముందుగదిలో అద్దం కట్టించిన పేజీ ఉన్నచోటే ఉంది. కండక్టరమ్మ తీయనివ్వలేదు.

మంగళవారాల్లో తాబేళ్ళాయన బస్సు వెనక సీట్లో బకెట్టు కాళ్ళ మధ్య పెట్టుకుని ఆ పేజీలు దిద్దుతున్నాడు. అనుమానం వచ్చినప్పుడు తలెత్తి, ఫలానా నెల రెండో మంగళవారం ప్యాంటుకి బురద ఉందా అని గట్టిగా అడుగుతాడు. టికెట్లు కొడుతూనే ఆమె ఉందనో లేదనో చెబుతుంది. ప్యాసింజర్లకి కూడా అలవాటైపోయింది.

మొత్తం పేజీలు మూడు వందల పన్నెండు. మొన్నటి మంగళవారానికి ముప్ఫై ఒకటి అయ్యాయి.